ఉద్యోగం చేయని వలసదారుకు వైద్యం ఎవరి బాధ్యత?

యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశపు పౌరులు ఇంకొక దేశానికి వెళ్ళి స్థిరపడవచ్చు. అయితే అక్కడ జబ్బు చేస్తే వైద్యం ఖర్చు ఎవరు భరించాలన్నది ఆ నివాస హక్కుతోనే తేలిపోయే విషయం కాదు. ఉద్యోగం చేసేవారికి ఈ చిక్కు సాధారణంగా రాదు. ఎక్కడ పని చేస్తే అక్కడి సామాజిక భద్రతా వ్యవస్థలో చేరతారు, జీతంలోంచి చందా కోసుకుంటారు, వైద్యం అందుతుంది. పింఛను వయసు రాకముందే ఉద్యోగం మానేసి ఎండ ఉన్న దేశానికి వెళ్ళినవారు, భర్త వెంటో భార్య వెంటో వెళ్ళి ఇల్లు చూసుకుంటున్నవారు, చిన్న పొదుపు మీద బతికేవారు మాత్రం రెండు దేశాల మధ్య ఎవరి లెక్కలోకీ రాకుండా మిగిలిపోతుంటారు.

నేను కూడా ఫ్రాన్సుకు ఉద్యోగం లేని భార్యగానే వచ్చాను. అప్పట్లో నా వైద్య హక్కు నా పేరు మీద ఉండేది కాదు, మా వారి హక్కుకు అనుబంధంగా ఉండేది. ఆయన ఉద్యోగం పోతే, లేదా మేము విడిపోతే నా పరిస్థితి ఏమిటన్న ఆలోచన చాలాకాలం నన్ను వదలలేదు. అందుకే ఈ చట్టాలను ఓపికగా చదువుకుంటూ వచ్చాను.

యూరప్ చట్టంలో దీనికి సంబంధించినవి ముఖ్యంగా రెండు ఉన్నాయి. 2004 నాటి 38వ నంబరు ఆదేశం నివాస హక్కుకు సంబంధించినది. దాని ఏడవ అధికరణం ప్రకారం, మూడు నెలలకు మించి ఉండదలచిన ఉద్యోగేతరుల వద్ద తమను తాము పోషించుకునే వనరులు ఉండాలి, ఆ దేశంలో వైద్య ఖర్చులన్నిటినీ భరించే సమగ్ర ఆరోగ్య బీమా ఉండాలి. అయిదేళ్ళు చట్టబద్ధంగా గడిపితే శాశ్వత నివాస హక్కు వస్తుంది, అప్పుడు ఈ షరతులు తొలగిపోతాయి. రెండవది, 2010 మే 1 నుంచి అమలులో ఉన్న 883/2004 నిబంధన. ఎవరిపై ఏ దేశపు సామాజిక భద్రతా చట్టం వర్తిస్తుందో అది చెబుతుంది. ఉద్యోగం లేనివారికి, మరే ప్రత్యేక నియమమూ వర్తించనప్పుడు, వారు నివసించే దేశపు చట్టమే వర్తిస్తుంది. మొదటిది బీమా తెచ్చుకుంటేనే ఉండనిస్తామంటుంది, రెండవది ఉంటున్న దేశమే బాధ్యత తీసుకోవాలంటుంది. ఈ రెండిటి మధ్య ఎంతమంది నలిగిపోయారో ఫ్రాన్సు అనుభవం చూస్తే అర్థమవుతుంది.

పింఛనుదారుల సంగతి వీరికంటే నయం. పింఛను చెల్లించే దేశం ఎస్1 అనే పత్రం ఇస్తుంది. దాన్ని కొత్త దేశంలో నమోదు చేయించుకుంటే అక్కడివారితో సమానంగా వైద్యం అందుతుంది, ఖర్చును పింఛను దేశం భరిస్తుంది. యూరోపియన్ ఆరోగ్య బీమా కార్డు తాత్కాలికంగా వెళ్ళివచ్చేవారికే తప్ప మకాం మార్చినవారికి పనికిరాదు.

ఫ్రాన్సు 1999లో చేసిన చట్టం ప్రకారం 2000 జనవరి నుంచి, దేశంలో స్థిరంగా నివసించే వారందరికీ, వేరే ఏ మార్గంలోనూ బీమా లేకపోతే, ప్రభుత్వ ఆరోగ్య బీమా దొరికేది. ఆదాయం ఒక పరిమితి దాటితే ఆ పైమొత్తంపై 8 శాతం చందా కట్టాలి. యాభై ఏళ్ళకే పని మానేసి పల్లెల్లో పాత ఇళ్ళు కొనుక్కున్న బ్రిటిష్ వారు ఎందరో దీనిమీద ఆధారపడ్డారు. వారికి మొదట, బ్రిటన్‌లో కట్టిన చందాల ఆధారంగా, గరిష్ఠంగా సుమారు రెండున్నర సంవత్సరాలు చెల్లే పత్రం వచ్చేది. అది ముగియగానే ఫ్రెంచి వ్యవస్థలో చేరేవారు. 2007 చివరలో ప్రభుత్వం 2004 నాటి ఆదేశాన్ని చూపి, పింఛను వయసు రాని ఉద్యోగేతర యూరోపియన్లకు ఈ దారి మూసివేసింది. అప్పటికే మధుమేహానికో క్యాన్సర్‌కో చికిత్స పొందుతున్నవారిని ప్రైవేటు బీమా కొనుక్కోమనడం ఎంత కఠినమో ఊహించుకోవచ్చు, ఎందుకంటే ఉన్న జబ్బుకు బీమా ఇవ్వడానికి కంపెనీలు సాధారణంగా ముందుకు రావు. నిరసనల తర్వాత, 2007 నవంబరు 23 నాటికే వ్యవస్థలో ఉన్నవారిని కొనసాగనిచ్చారు. ఆ తేదీ తర్వాత వచ్చినవారి కష్టాలు మాత్రం కొనసాగాయి. బ్రిటన్ 2014 జూలైలో ఆ తాత్కాలిక పత్రాన్ని కూడా రద్దు చేసింది.

2016 జనవరి 1న ఫ్రాన్సు మళ్ళీ తన వ్యవస్థను మార్చింది. మూడు నెలలు స్థిరంగా, చట్టబద్ధంగా నివసించిన వ్యక్తికి నివాసం ఆధారంగానే హక్కు వచ్చింది. నా వరకు ఇందులోని గొప్ప మార్పు ఏమిటంటే, ఉద్యోగం లేని భార్య లేదా భర్త ఇక ఎవరికీ అనుబంధం కాదు, హక్కు వారి సొంతం. పెట్టుబడుల మీద పెద్ద ఆదాయం ఉండి, పని మీద ఆదాయం లేనివారి నుంచి ప్రత్యేక చందా వసూలు చేస్తారు. 2019 నుంచి దాని రేటు 6.5 శాతం. ఇది న్యాయమనే నా అభిప్రాయం. అయితే ‘చట్టబద్ధంగా’ అన్న చోట పాత చిక్కు మిగిలే ఉంది. నివాసం చట్టబద్ధం కావాలంటే ముందు బీమా ఉండాలి కదా!

స్పెయిన్‌లో మునిసిపల్ రిజిస్టరులో ఏడాది పాటు నమోదై ఉన్నవారు, వేరే హక్కు లేకపోతే, 2013 నుంచి ఉన్న ప్రత్యేక ఒప్పందం ద్వారా నెలకు 60 యూరోలు కట్టి ప్రభుత్వ వైద్యం పొందవచ్చు. 65 ఏళ్ళు నిండితే 157 యూరోలు. బయట కొనుక్కునే మందులకు మాత్రం రాయితీ ఉండదు. జర్మనీలో 55 ఏళ్ళు దాటాక, అంతకుముందు అక్కడి ప్రభుత్వ బీమాలో లేనివారికి, అందులో చేరడం చాలా కష్టం.

2021 జూలై 15న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఈ విషయంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. ఒక ఇటలీ పౌరుడు లాత్వియా పౌరురాలైన తన భార్యతో, పిల్లలతో కలిసి ఉండడానికి ఆ దేశానికి వెళ్ళాడు. అప్పటికి ఉద్యోగం లేదు కాబట్టి ప్రభుత్వ వైద్య వ్యవస్థలో చేర్చుకోబోమని 2016లో లాత్వియా అధికారులు చెప్పారు. మకాం మార్చడంతో ఇటలీలోనూ హక్కు పోయింది. వ్యవస్థలోకి రానివ్వకుండా తలుపు మూయడానికి వీల్లేదని, అయితే ఉచితంగా ఇవ్వాలన్న నియమం కూడా లేదని న్యాయస్థానం చెప్పింది. చందా అడగవచ్చు, ప్రైవేటు బీమాను కొనసాగించమనవచ్చు. కానీ ఆ షరతులు ఆ మనిషి తీర్చగలిగినంత మేరకే ఉండాలి. నేను కోరుకున్నదీ అదే. అయితే ఎంత అడగాలన్నది ఆయా దేశాలకే వదిలేశారు. ఆదాయాన్ని బట్టి అడిగితే బాగుంటుంది. అందరికీ ఒకే మొత్తం పెడితే చిన్న పొదుపు ఉన్నవారి మీదే భారం ఎక్కువగా పడుతుంది.

2022 మార్చి 10న అదే న్యాయస్థానం మరో అన్యాయాన్ని సరిదిద్దింది. బ్రిటన్ యూనియన్‌లో ఉన్న కాలంలో, ఉచిత ప్రభుత్వ వైద్యం అందుతున్నా అది బీమాగా లెక్కకు రాదంటూ, ప్రైవేటు బీమా కొనని విద్యార్థులకూ గృహిణులకూ శాశ్వత నివాసం నిరాకరించేవారు. ప్రభుత్వ వ్యవస్థలో చేర్చుకున్నాక అదే సమగ్ర బీమా అవుతుందని తీర్పు వచ్చింది. బ్రిటన్ అప్పటికే యూనియన్ నుంచి బయటికి వెళ్ళిపోయింది.

మనవాళ్ళకు దీనితో సంబంధం లేదనుకోవద్దు. ఐర్లండులోనో జర్మనీలోనో ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, అక్కడి పౌరసత్వం తీసుకుని, యాభై ఏళ్ళకే పని మానేసి స్పెయిన్‌లోనో పోర్చుగల్‌లోనో స్థిరపడాలనుకునే తెలుగువారు ఉన్నారు. ఊరి నుంచి షెంగెన్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకు కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా తీసుకుంటాం గానీ, అది అత్యవసర చికిత్సకే తప్ప పాత జబ్బులకు రోజువారీ వైద్యం ఇప్పించదు. ముందుగా పని మానేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఎన్నేళ్ళు చందా కట్టినా, పింఛనుదారుల ఎస్1 పత్రం పింఛను మొదలైతేనే వస్తుంది, జర్మనీలో ఆ వయసు క్రమంగా 67కు చేరుతోంది. పని మానేసినప్పటి నుంచి పింఛను మొదలయ్యే వరకు ఏ వ్యవస్థలో, ఎంత చందాతో చేరవచ్చో, పాత జబ్బులుంటే ఏం చేస్తారో, ఇల్లు కొనకముందే ఆ దేశపు సామాజిక భద్రతా కార్యాలయాన్ని అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.