ఆర్డర్ ఇచ్చినవాడికి ఆర్టికల్ 28 రాయకండి: ఇంటర్నేషనల్ క్రిమినల్ లా ప్రిపరేషన్

రిజల్ట్స్ వచ్చాయి, గట్టెక్కాం. హన్మకొండ రీడింగ్ రూముల్లో ఇంకా పుస్తకాల ముందే ఉన్న మిత్రులు ఎక్కువగా అడుగుతున్నది ఇంటర్నేషనల్ క్రిమినల్ లా గురించే కాబట్టి, దాని వరకే రాస్తున్నాను. పోయిన అటెంప్ట్‌లో మార్కులు పోయినదీ, ఈసారి తిరిగి వచ్చినదీ ఒకే చోట: రోమ్ స్టాట్యూట్ (ఇంటర్నేషనల్ క్రిమినల్ కోర్టును ఏర్పాటు చేసిన ఒప్పందం) మూడో భాగం, ఆర్టికల్ 22 నుంచి 33 దాకా.

చరిత్రకు ఒక పేజీ చాలు. 1945 ఆగస్టు 8 లండన్ చార్టర్, దాని కింద నాజీ నేతలను విచారించిన న్యూరెంబర్గ్, టోక్యో ట్రయల్‌లో మన జడ్జి రాధాబినోద్ పాల్ అసమ్మతి తీర్పు, 1950లో ఏడు న్యూరెంబర్గ్ సూత్రాలు, 1993 యుగోస్లావియా, 1994 రువాండా ట్రిబ్యునళ్లు, 1998 జూలై 17 రోమ్ స్టాట్యూట్, 2002 జూలై 1 నుంచి అమలు. ఇంతకు మించి ఇక్కడ టైం పెట్టొద్దు.

అసలు పని ఒక ప్రాబ్లమ్‌తో మొదలుపెట్టండి. ఊరి మీద పడి పౌరులను చంపమని కమాండర్ ఆర్డర్ ఇచ్చాడు. సిపాయి కాల్చాడు. హోం మంత్రి కింది పోలీసులూ ఆ దాడిలో ఉన్నారు. ఆయనకు రిపోర్టు అందినా పక్కన పడేశాడు. దేశాధ్యక్షుడు నాకు ఇమ్యూనిటీ ఉందంటున్నాడు. నలుగురికీ ఏ ఆర్టికల్?

కమాండర్ అనగానే చెయ్యి 28 రాసేస్తుంది. తప్పు. ఆర్డర్ ఇచ్చినవాడు 25(3)(బి) కిందికి వస్తాడు. 28 అనేది చేసిన పనికి కాదు, చేయాల్సింది చేయనందుకు. కిందివాళ్లను ఆపలేదు, శిక్షించలేదు, విచారించే అధికారులకు అప్పగించలేదు, అందుకే బాధ్యత. మంత్రి ఆ గడిలో కూర్చుంటాడు. అక్కడ మళ్లీ రెండు మెట్లు. మిలిటరీ కమాండర్‌కైతే 'తెలుసు' లేదా 'తెలిసి ఉండాల్సింది' అంటే చాలు. సివిల్ పై అధికారికి అది సరిపోదు. 'తెలుసు' అనైనా తేలాలి, లేదా స్పష్టంగా చూపించే సమాచారం ముందున్నా కావాలనే పట్టించుకోలేదనైనా తేలాలి. తెలుగులో ఈ మూడు మాటలూ విడివిడిగా పలుకుతాయి కదా, అలాగే గుర్తుపెట్టుకోండి. కేసు బెంబా, కాంగో సాయుధ దళ నేత: 2016లో శిక్ష పడింది, 2018 జూన్ 8న అప్పీల్లో కొట్టేశారు. అవసరమైన, సమంజసమైన చర్యలన్నీ తీసుకున్నాడా లేదా అన్న దగ్గరే ట్రయల్ ఛాంబర్ తీర్పు నిలబడలేదు.

సిపాయి 'పైవాడు చెప్పాడు' అంటాడు. ఆర్టికల్ 33లో మూడు షరతులూ కలిసి ఉండాలి: ఆజ్ఞ పాటించే చట్టబద్ధమైన బాధ్యత ఉండాలి, అది చట్టవిరుద్ధమని అతనికి తెలియకూడదు, పైకి చూస్తేనే చట్టవిరుద్ధంగా కనిపించే ఆజ్ఞ కాకూడదు. జినోసైడ్ (జాతి నిర్మూలన), మానవాళిపై నేరాల ఆజ్ఞలు ఎప్పుడూ పైకే చట్టవిరుద్ధం, కాబట్టి వాటికి ఈ వాదన పనికిరాదు. లండన్ చార్టర్ ఆర్టికల్ 8లోనైతే ఇది శిక్ష తగ్గించడానికి తప్ప విడుదలకు పనికిరాదు. ఈ తేడా ఒక్క లైన్‌లో రాస్తే ఆన్సర్ బరువు పెరుగుతుంది. 'కాల్చకపోతే నన్ను చంపేవాళ్లు' అంటే అది 33 కాదు, 31(1)(డి) డ్యూరెస్, అంటే ప్రాణభయంతో చేయాల్సి రావడం. యుగోస్లావియా ట్రిబ్యునల్ ఎర్దెమోవిచ్ కేసులో, 1997లో, అమాయకులను చంపినప్పుడు డ్యూరెస్ పూర్తి డిఫెన్స్ కాదన్నారు. రోమ్ స్టాట్యూట్ మాత్రం షరతులతో ఒప్పుకుంటుంది. 33నీ, డ్యూరెస్‌నీ కలిపేసి రాసిన ఆన్సర్‌కు సగం మార్కులు కూడా కష్టమే.

అధ్యక్షుడికి 27: పదవి గానీ, ఇమ్యూనిటీ గానీ ఇక్కడ అడ్డు రాదు. పదవిలో ఉండగానే సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ మీద 2009లో, 2010లో వారెంట్లు వచ్చాయి.

గైడ్లు మూడు నాలుగు తిరగేసే బదులు స్టాట్యూట్ టెక్స్టే పదిసార్లు చదవండి. రోజూ ఒక ఆర్టికల్ చూడకుండా రాసి, అసలుతో పోల్చండి. ఇది బద్ధకించిన రోజు ఎంత చదివినా చదివినట్టు కాదు, గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే ఇక్కడ 'లేదా', 'మరియు' తేడాతోనే ప్రశ్న తయారవుతుంది. మానవాళిపై నేరానికి దాడి విస్తృతంగా 'లేదా' పద్ధతి ప్రకారం ఉంటే చాలు, రెండూ అక్కర్లేదు. యుద్ధమూ ఉండాల్సిన పని లేదు. జినోసైడ్‌లో జాతీయ, తెగ, వర్ణ (రేస్), మత సమూహాలే ఉన్నాయి. ఆప్షన్లలో 'రాజకీయ సమూహం' కనిపిస్తే అది వల. 18 ఏళ్లలోపు వాళ్లపై కోర్టుకు అధికారం లేదు. గరిష్ఠ శిక్ష 30 ఏళ్లు, అత్యంత తీవ్రమైన కేసుల్లో యావజ్జీవం, మరణశిక్ష లేదు.

కాంప్లిమెంటారిటీకి ఆర్టికల్ 17: దేశం విచారించడానికి ఇష్టపడకపోతేనో, చేతకాకపోతేనో కోర్టు అడుగుపెడుతుంది. ఇక్కడ ఇండియా ప్రశ్న తప్పక కలపండి. రోమ్‌లో 120 దేశాలు అవునన్నాయి, 7 కాదన్నాయి, ఓటు వేయని 21లో మనం ఉన్నాం. జినోసైడ్ కన్వెన్షన్‌ను 1959లో ఆమోదించాం, దానికి దేశీయ చట్టం మాత్రం చేయలేదు. 2018 డిసెంబర్ 17న, 1984 సిక్కు వ్యతిరేక అల్లర్లకు సంబంధించిన సజ్జన్ కుమార్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటునే ఎత్తి చూపింది: జినోసైడ్ గానీ, మానవాళిపై నేరాలు గానీ మన నేర చట్టంలో లేవని.