దేవునికి తగినట్టుగా సాగనంపడం

యోహాను మూడో పత్రిక బైబిల్లో ఒక్క పేజీ కూడా నిండదు. అందులో గాయు అనే విశ్వాసిని పెద్దాయన యోహాను ముఖ్యంగా అడిగింది ఒక్కటే. ప్రభువు నామం కోసం ఇల్లూవాకిలీ వదిలి బయలుదేరినవాళ్లను "దేవునికి తగినట్టుగా" సాగనంపమన్నాడు (6వ వచనం). గ్రీకులో ఆ మాట ప్రొపెంపో. దారి ఖర్చు, తిండి, కొంతదూరం తోడు నడవడం, అన్నీ అందులోనే ఉన్నాయి. మనవాళ్లు దానికి సాగనంపడం అని రాయడం ఎంత బాగా కుదిరిందో! ఆడపిల్లను అత్తారింటికి సాగనంపేటప్పుడు సారె పెట్టకుండా ఏ తల్లీ పంపదు కదా.

పౌలుకీ ఈ మాటంటే ఇష్టంలాగే ఉంది. జేనాకూ అపొల్లోకూ ఏమీ తక్కువ కాకుండా చూసి పంపమని తీతుకి రాశాడు. నేను స్పెయిను వెళ్లేటప్పుడు మీరే సాగనంపాలని రోమా సంఘాన్ని మొహమాటం లేకుండా అడిగాడు. తూరులోనైతే ఆడవాళ్లూ పిల్లలూ అందరూ ఊరు దాటి వచ్చి, సముద్రపొడ్డున మోకాళ్లూని ప్రార్థన చేసి ఓడ ఎక్కించారు.

మన గోదావరి డెల్టాలో సాగనంపడమంటే ఫ్లెక్సీ, శాలువా, బిర్యానీ, రాజమండ్రి స్టేషన్లో ఫోటో. మూడు నెలలు కానుక వెళ్తుంది. నాలుగో నెలలో, "ఈసారి కాస్త ఇబ్బందిగా ఉందండి బ్రదర్."

ఒకప్పుడు ఈ సాగనంపడం వల్ల బాగుపడినవాళ్లం మనమే. 1836లో ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ సంఘం విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులను ఓడ ఎక్కించింది. మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. అప్పటికి సూయజ్ కాలువ లేదు, ఆఫ్రికా కొన చుట్టి రావాలి, నెలల ప్రయాణం. వాళ్లు తెలుగు నేర్చుకుని నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. వాళ్లకు నెలజీతం ఏమీ లేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో (1847–52) పనికి చేరిన కూలీల మధ్య కూడా బౌడెన్ వాక్యం చెప్పాడు.

మన తెలుగువాళ్లూ దేశం దాటి వెళ్లారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారిని కుటుంబంతో సహా దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపింది తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీయే. అక్కడ చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో ఒప్పందం కూలీలుగా చేరినవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. అదే ఏడాది కియర్స్నీలో తెలుగు సంఘం ఏర్పడింది. కాబట్టి సాగనంపడం దొరలకే చేతనైన పని అనుకోనక్కర్లేదు.

యోహాను 7వ వచనంలో దీనికి కారణం కూడా చెప్పాడు. వాళ్లు అన్యజనుల దగ్గర ఏమీ తీసుకోకుండా వెళ్లారట. సువార్త వినేవాడి దగ్గర చెయ్యి చాపితే వాక్యం అమ్మినట్టే ఉంటుంది. అక్కడ చాపకూడదు కాబట్టి ఇక్కడివాళ్లు ముందుగానే చేతిలో పెట్టాలి.

డెల్టాలో డబ్బుకు కాలం ఉంటుంది, చిక్కంతా అక్కడే. సార్వా (తొలి పంట) కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రెండో పంట) కోతలు ఏప్రిల్‌లో. కోతల పండక్కి కానుకల బల్ల నిండిపోతుంది. జూన్ వచ్చిందంటే నారుమళ్లు, ఊడ్పులు, ఎరువులు, పిల్లల ఫీజులు, కౌలు. అక్టోబరు దాకా చేతిలో పైసా ఆడదు. విదేశంలో ఉన్న కుటుంబానికి మాత్రం ఇంటద్దె ప్రతి నెలా ఒకటో తారీకునే కట్టాలి. ఫిలిప్పీయులు తనను మరిచిపోలేదనీ, వాళ్లకు తరుణం దొరకలేదనీ పౌలు అన్నాడు చూడండి, ఆ తరుణం గురించి రైతుకు చెప్పక్కర్లేదు. దీనికి మందు ఒక్కటే. దాళ్వా సొమ్ము వచ్చినప్పుడే జూన్ నుంచి అక్టోబరు దాకా అయిదు నెలల మొత్తం విడి ఖాతాలో వేసి, మందిరం రేకులకైనా సరే దాన్ని ముట్టుకోకూడదని కమిటీ పుస్తకంలో రాసుకోవాలి. రూపాయి విలువ పడిపోతూ ఉంటుంది కాబట్టి లెక్క వేసుకున్న దానికి పదో వంతు కలిపి పెట్టాలి.

నెలనెలా ఆడే డబ్బు కావాలంటే పిడికెడు బియ్యాన్ని మించింది లేదు. పూటపూటా ఎసట్లో పోసేముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేస్తుంది. గుప్పెడు నలభై గ్రాములనుకుంటే రోజుకు రెండుపూటలా, నలభై ఇళ్లకు, నెలకు 96 కిలోలు. కిలో యాభై చొప్పున 4,800 రూపాయలు. ఇది చెడిపోయేది మూడు చోట్ల. ఒకటి, సన్నబియ్యం, దొడ్డుబియ్యం కలిపేస్తారు. ఒకటి ఉడికేసరికి ఇంకొకటి పలుకు, కొనేవాడు ధర తగ్గిస్తాడు. రెండోది, వానాకాలంలో రెండు నెలలు నిలవ పెడితే ముక్కపురుగు. సంచిలో వేపాకు వేసినా సరే, నెల తిరిగేసరికి వేలం వేసెయ్యాలి. మూడోది, రేషన్ బియ్యం. అవి అమ్మడం నేరం. దేవుడి పేరు చెప్పినా కేసు కేసే. రేషన్ బియ్యమే తినే విధవరాలి గుప్పెడు వద్దనకూడదు. వేలం సంచిలో కలపకుండా ప్రేమవిందు వంటకు వాడుకోవాలి. తూకం మాత్రం ఆదివారం అందరి ఎదుటే వెయ్యాలి, పుస్తకంలో ఇద్దరు సంతకం పెట్టాలి.

పంపే దారి గురించి. తెలిసినవాళ్ల చేతిలో పెట్టి పంపేద్దాం, అక్కడ ఎవరో ఇస్తారు అనే పద్ధతి హవాలా. ఆ జోలికి పోవద్దు. మన దేశంలో ఉండే వ్యక్తి పాన్ కార్డుతో, బ్యాంకులో ఎ-2 ఫారం ఇచ్చి, ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు, మనకు అంత అవసరం ఎలాగూ రాదు. ట్రస్టు పేర ఉన్న సంఘాలు ఇంకో సంగతి చూసుకోవాలి. దేశం బయట ఖర్చుపెట్టిన సొమ్ముకు ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి లేకుండా మామూలుగా పన్ను మినహాయింపు రాదు. ఆడిటర్ని ముందే అడగండి, నోటీసు వచ్చాక కాదు.

కాగితాల దగ్గర మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన తిప్పలు ఉంది. పదో తరగతి సర్టిఫికెట్లో వెంకటలక్ష్మి, సంఘంలో మేరీ సువార్త, పెళ్లి పత్రంలో ఎం. సువార్త. వీసా అధికారికి వీళ్లు ముగ్గురు మనుషులు. కనీసం ఆరు నెలల ముందే అన్నిటిలో ఒకే పేరు ఉండేలా సరిచేయించుకోవాలి. ఇక వీసా. చూడ్డానికి వెళ్తున్నామని రాసి పరిచర్యకు వెళ్లడం అబద్ధమే. సువార్తను అబద్ధంతో మొదలుపెట్టనేకూడదు.

ఆఫ్రికాలో చాలా దేశాలకు పచ్చజ్వరం టీకా కార్డు కావాలి. టీకా వేసిన పదో రోజు నుంచే అది చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ఆ కార్డు లేకుండా తిరిగి వస్తే ఇక్కడ విమానాశ్రయం నుంచే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. మన్యం జ్వరం (మలేరియా) మాకు కొత్తా అనుకోవద్దు. అక్కడ ఎక్కువగా వచ్చే ఫాల్సిపారం రకం రోజుల్లోనే ప్రాణం తీస్తుంది, కాబట్టి జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించాలి. సెలవుకు ఊరొచ్చాక జ్వరం తగిలినా డాక్టరుకు ముందు ఆఫ్రికా సంగతే చెప్పాలి.

సారె సంగతికి వస్తే, కోనసీమవాళ్లు ప్రేమకొద్దీ ఎండుకొబ్బరి కట్టిస్తారు. అది పెట్టెలో వేస్తే విమానాశ్రయంలో తీసేస్తారు. నూనె ఎక్కువ, అంటుకునే సరుకు. ఆవకాయ తీసుకెళ్లొచ్చు గానీ సీసా నిండా నింపకూడదు. రెండు వేళ్ల ఖాళీ ఉంచి, మూతి మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, మూత బిగించి, టేపు చుట్టి, పాత లుంగీలో చుట్టాలి. పూతరేకులైతే స్టీలు డబ్బాలో. లేకపోతే దిగేసరికి పొడే.

మనం చాలా తేలిగ్గా చేసే తప్పు ఫోన్లో ఉంది. నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణం మతం మార్పించడాన్ని నిషేధించింది. అక్కడి శిక్షాస్మృతిలో దానికి అయిదేళ్ల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా. అలాంటి చోటికి వెళ్లినవాళ్లు ఆ చట్టం తెలుసుకుని దానికి లోబడి మెలగాలి. ఇక్కడ మనం ప్రార్థన లేఖలోని పేర్లూ, ఊళ్లూ, బాప్తిస్మం ఫోటోలూ వాట్సాప్ గ్రూపులో తోసేస్తే ఇబ్బంది పడేది అక్కడి కొత్త విశ్వాసి. చదివి ప్రార్థించండి, అక్కడితో ఆపండి.

అలా వెళ్లిన సేవకుడి భార్యను గురించి మన ప్రార్థనల్లో వచ్చేది "వారి కుటుంబాన్ని దీవించు" అన్న ఒక్క ముక్కే. ఆయనకు మీటింగులుంటాయి, పిల్లలకు బడి ఉంటుంది. భాష రాని వీధిలో పగలంతా ఒంటరిగా ఉండేది ఆవిడ. స్త్రీల సమాజంలో ఇద్దరు వంతులు వేసుకుని వారానికోసారి ఫోన్ చేసినా చాలు, పరిచర్య లెక్కలు అడగకుండా. కూర ఏం వండావమ్మా అని అడగండి. కెన్యాలోని నైరోబీ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక, మన మధ్యాహ్నం నిద్ర అయ్యాక చేస్తే అక్కడ పిల్లలు బడినుంచి రాకముందే అందుతుంది.

అంతియొకయ సంఘం పౌలునూ బర్నబానూ పంపింది. తిరిగి వచ్చాక వాళ్లు సంఘాన్ని పోగుచేసి జరిగిందంతా చెప్పారు. ఆ పక్క వచనమే (అపొ. 14:28) మనం చదవం. శిష్యుల దగ్గర చాలాకాలం ఉండిపోయారట. మనవాళ్లు సెలవుకొస్తే దిగిన మర్నాడే పాలకొల్లులో ఉపవాస కూడిక, ఎల్లుండి భీమవరం, ఆపై తణుకు. ఇల్లొకటి ముందే అద్దెకు తీసి, గ్యాసు పెట్టించి, బిందెలో నీళ్లు పట్టించి, తాళం చేతికివ్వండి. మొదటి రెండు వారాలు మైకు ఇవ్వకండి.