కొబ్బరినూనె వద్దు బావా

మా ఆరు నిమిషాల సినిమాలో అన్నిటికంటే ముందు పుట్టింది ఒక చప్పుడు. రావులపాలెం దగ్గర ఫ్రెండ్ వాళ్ల కొబ్బరితోటలో కూర్చుని, ఒక కండోమ్‌ని బుడగలా ఊది, దాని మీద వేలితో కొబ్బరినూనె రుద్దాం. కాసేపు ఏమీ కాలేదు, ఒకడు ఇదంతా ఉత్తిదేరా అంటుండగానే టప్‌మని పేలింది. ఎవ్వరూ మాట్లాడలేదు, ఎందుకంటే అక్కడున్న ఐదుగురిలో ముగ్గురం ఏళ్ల తరబడి కండోమ్ మీద వాడింది అదే నూనె.

కోనసీమలో కొబ్బరినూనె లేని ఇల్లుండదు, ఎందుకు తీశావని అడిగేవాళ్లూ ఉండరు. మెడికల్ షాపులో జారడానికి రాసుకునే లూబ్రికెంట్ అడగాలంటే మాత్రం ఆ షాపాయన నాన్నగారికి తెలిసినాయనే అయ్యుంటారు. మామూలుగా కండోమ్ లేటెక్స్ అనే రబ్బరుతో చేస్తారు, కొబ్బరినూనె, బేబీ ఆయిల్, వాజలీన్, ఏ జిడ్డయినా దాన్ని నిమిషాల్లో బలహీనం చేసేస్తుంది. నీటి జెల్ గానీ సిలికాన్‌ది గానీ వాడితే ఏమీ కాదు. ఇంత చిన్న ముక్క మాకు చెప్పినవాళ్లు లేరు.

చిన్నప్పుడు బస్టాండు గోడల మీద 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అని చదువుకున్న తరం మాది. ఆ మాట ఊరూరా నోళ్లలో నానింది, రాసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ మగాడిని ప్రేమించే మగాడు ఆ గోడల మీద నాకెక్కడా కనపడలేదు. నేను మొదటిసారి హెచ్‌ఐవీ టెస్టుకి వెళ్లినప్పుడు కూడా, పెళ్లయిందా, ఆడవాళ్ల దగ్గరకి వెళ్తారా అని అడిగారు తప్ప ఇంకో ప్రశ్నే లేదు. నిజం చెప్పకుండా వచ్చేశాను. 2018 సెప్టెంబర్ 6న, మాలాంటివాళ్ల ప్రేమ నేరం కాదని 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు టీవీ సౌండు బాగా తగ్గించి చూసినవాణ్ణి, అక్కడేం చెప్తాను?

పాటతో చెప్పొచ్చన్న ధైర్యం కెనడా దర్శకుడు జాన్ గ్రేసన్ 1987లో తీసిన చిన్న మ్యూజికల్ వీడియో వల్ల వచ్చింది. ఎయిడ్స్ ఇంగ్లిష్ పేరులోంచి ఒక్క అక్షరం తీసేసి, 'ఏడీఎస్' అని కొత్త జబ్బు పేరు పెట్టాడు. అంటే సెక్స్ అంటేనే పట్టుకునే భయం. మా అందరికీ ఉన్నది అదే కదా అనిపించింది.

మేం బుర్రకథ పట్టుకున్నాం. కథకుడు చెప్తూ ఉంటే హాస్యవంత అడ్డం తగిలి జనం మనసులో ఉన్నది అడిగేస్తాడు, మాకు కావలసింది సరిగ్గా అదే. మా కథలో ఆ ఇద్దరూ ప్రేమికులు. 'చిరిగిపోతే ఎలా బావా?' అని వంత అడిగితే, కథకుడు తంబురా ఆపకుండానే, 72 గంటలు దాటకముందే పెద్దాసుపత్రికి పద, హెచ్‌ఐవీ అంటకుండా పెప్ అని మందుంది, 28 రోజులు మానకుండా వేసుకోవాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదని పాడతాడు. భయమేస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యమంటాడు.

మొహాలన్నీ కాలువ నీళ్లలో నీడలుగానే చూపించాలనుకున్నాం, తీరా చూస్తే వేసవి, కాలువలు కట్టేశారు. సఖినేటిపల్లి వెళ్లి నరసాపురం పంటు ఎక్కి, రేవు దగ్గర వశిష్ఠ నీళ్లలో తీశాం. నీళ్లు కదిలినప్పుడల్లా రెండు మొహాలూ ఒకటైపోతున్నాయి. సినిమాలో నాకు చాలా ఇష్టమైన షాట్ అది.

వంతలు వాయించే గుమ్మెట మాకు నేర్పిన పెద్దాయనకి ఏ కథో చెప్పడానికి చాలా టెన్షన్ పడ్డాం. మొత్తం విన్నారు. గుమ్మెట ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరుకుని, "నూనె మాట దగ్గర ఒక దెబ్బ ఆపండి బాబూ, జనానికి మాట వినపడాలండి, ఆయ్" అన్నారు.

ఆ ఆపిన చోటే తోటలో రికార్డు చేసిన టప్ పెట్టాం.