రాతిచేనిలో మామిడి గుంతలు: నా అనుభవం

నిన్న సాయంత్రం 80వ మొక్క కూడా పెట్టేశాం. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నా.

మాది చిత్తూరు పక్కన రెండెకరాల మెట్ట. పైన అడుగు మందం ఎర్రమట్టి, కింద గరుసు, అక్కడక్కడా పరుపుబండ. ఉపాధి హామీలో తోట మంజూరు కావడానికి పెద్దగా తిరగలేదు. 10 మీటర్ల దూరంతో ఎకరాకు 40 గుంతలు, ఒక్కోటి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. మే నెలలో తవ్వకం మొదలుపెట్టాం.

63 గుంతలు బాగానే దిగాయి. మిగతా 17 అడుగున్నరకే ఆగిపోయాయి, గడ్డపార వేస్తే చేతులు జిల్లుమనడం తప్ప మన్ను కదల్లేదు. సరిగ్గా అప్పుడే కొలతలకు ఒకాయన వచ్చాడు. మొదట ఆ 17 దగ్గరికే పోయి టేపు పెట్టి, "ఇవి గుంతలా, గిన్నెలా? బిల్లు కోసం గీకారా?" అన్నాడు. కూలోళ్లందరూ చూస్తున్నారు, మా అమ్మ గట్టు మీద నీళ్ల బిందెతో నిలబడి ఉంది. "సార్, ఒకసారి దిగి గడ్డపార వేసి చూడండి" అన్నా. వినిపించుకోలేదు, అన్నీ కొట్టేసి పోయాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. నేలలోకి దిగి చూడకుండా రైతును దొంగ అనడం చాలా తప్పు.

తెల్లారి నేనే గడ్డపార పట్టుకున్నా. 11 చోట్ల నాలుగడుగులు పక్కకు జరిపితే మన్ను దొరికింది. తోట వరస కొంచెం వంకరైతే అయింది, చెట్టు బతకాలి కదా! మిగతా ఆరింటిలో ఉన్నది బండ కాదు, బిగుసుకుపోయిన గరుసు. సాయంత్రం నాలుగేసి బిందెల నీళ్లు పోసి వదిలేస్తే పొద్దున పెళ్లలుగా లేచింది. రెండోసారి కొలతలకు వచ్చినప్పుడు 80కి 80 సరిపోయాయి, మూడడుగులకు ఒక్క అంగుళం తగ్గలేదు.

సిమ్లాలో పనిచేసే మా బావమరిది చెప్పాడు, అక్కడ ఆపిల్‌ గుంతలు చలి ముదరకముందే తీసి వదిలేస్తారట, మట్టిలో నీళ్లు గడ్డకట్టి కరిగేసరికి పెళ్లలు చిట్లుతాయి. మనకు మంచెక్కడిది, మే ఎండే దిక్కు. రెండు మూడు వారాలు గుంతలు ఎండనివ్వండి, పురుగూ పోతుంది. పైమట్టి ఒక పక్క, గరుసు ఇంకో పక్క వేయించండి, కూలోళ్లు కలిపేస్తారు, దగ్గరుండి చూసుకోవాలి. పూడ్చేటప్పుడు పైమట్టి, చివికిన పశువుల ఎరువు, వేపపిండి, సూపర్ ఫాస్ఫేట్ కలిపి నేలకంటే జానెడు ఎత్తుగా నింపాలి, వానకు ఎలాగూ దిగుతుంది. అంటు కట్టిన చోటు మాత్రం మట్టిలోకి పోకూడదు.

పూడ్చకముందు ఒక్కో గుంతలో నీళ్లు పోసి చూశా. మూడింట్లో పొద్దుటికీ అలాగే నిలిచాయి. అడుగున గడ్డపారతో బొక్కలు పొడిచి మళ్లీ పోశా, ఇంకిపోయాయి. ఈ పని టేపు పట్టుకొచ్చినాయన చెప్పనే లేదు.