కొత్త కంప్యూటర్ బస్సెక్కకముందే గేమ్ ఆడి చూడండి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు చాలామంది గేమింగ్ కంప్యూటర్ కోసం బరంపురమో విశాఖపట్నమో వెళ్తుంటారు. ఇంటికొచ్చాక గేమ్ తెరుచుకోకపోతే అంత పెట్టెనూ మళ్లీ మోసుకెళ్లాలి. షాపులో తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా "అన్నీ ఆడతాయి" అనే అంటారు. డబ్బు కట్టేముందు ఓ అరగంట దాని ముందు కూర్చోండి.

ముందు సెక్యూర్ బూట్ చూడాలి, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌నే ఎక్కనిచ్చే కాపలా. కొత్త మెషీన్‌లో గేమ్ మొరాయించేది చాలాసార్లు బలం చాలక కాదు, ఇదిగో ఇక్కడే. విండోస్ 11లో వాలొరాంట్ అనే షూటింగ్ గేమ్ ఆడాలంటే టీపీఎం 2.0 (రహస్య సంకేతాలు దాచే భద్రతా భాగం), సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. లేకపోతే వాన్ 9001 అనో 9003 అనో ఎర్రర్ వస్తుంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) అని కొట్టండి. 'బయోస్ మోడ్' (బయోస్ అంటే విండోస్ కంటే ముందే లేచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) ఎదురుగా దాని కొత్త రకమైన యూఈఎఫ్ఐ, 'సెక్యూర్ బూట్ స్టేట్' ఎదురుగా ఆన్ ఉండాలి. లెగసీ అని ఉంటే విండోస్‌ని, డిస్కుని భాగాలు చేసే పాత ఎంబీఆర్ పద్ధతిలో ఎక్కించారన్నమాట. అప్పుడు తొందరపడి బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతిలో లేవనిచ్చే సెట్టింగు) ఆపేశారో, విండోస్ లేవదు. డిస్కు ఎలాగూ ఖాళీయే కాబట్టి జీపీటీ అనే కొత్త పద్ధతి మీద విండోస్‌ని మళ్లీ ఎక్కించమనండి. బయోస్‌లో టీపీఎం ఆ పేరుతోనే కనిపించకపోవచ్చు: ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది.

తర్వాత ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే కింద 'స్లాట్స్ యూజ్డ్' (ఎన్ని గాడుల్లో ర్యామ్ ఉందో) అని కనిపిస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కి ఇది ప్రాణం. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది, ఒకే స్టిక్ (ర్యామ్ ముక్క) ఉంటే డేటా వెళ్లే దారి సగమే. 16 జీబీ ఒక్కటి కంటే 8 జీబీవి రెండు మేలు. కార్డు ఉంటే మాత్రం హెచ్‌డీఎంఐ వైరు కార్డుకే గుచ్చారా, మదర్‌బోర్డుకా అని వెనక్కి వంగి చూడండి. బోర్డుకి గుచ్చి "కార్డు పనిచేయట్లేదు" అనుకునేవాళ్లు తక్కువమందేం కాదు. 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ కూడా 60 మీదే ఉండిపోతుంటుంది, డిస్‌ప్లే సెట్టింగుల్లో మార్చాలి.

ఇక అసలు గేమ్. కౌంటర్ స్ట్రైక్ 2కి 85 జీబీ ఖాళీ కావాలి. 40 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ లైను మీద దించితే నాలుగున్నర గంటలు దాటుతుంది. షాపులో అంతసేపు కూర్చోనివ్వరు. గేమ్ ఉన్న స్నేహితుడి దగ్గర స్టీమ్ (గేములు దించుకునే యాప్) బ్యాకప్ తీసుకుని డిస్కులో పట్టుకెళ్లండి. ప్రాక్టీసు మైదానంలో వచ్చే ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే బొమ్మల సంఖ్య) చూసి మురిసిపోవద్దు, పదిమంది ఉన్న మ్యాచ్‌లో, పొగ బాంబులు పడ్డప్పుడు ఎంతకి పడిపోతోందో చూడండి.

ఎఫ్‌పీఎస్ బాగానే ఉండి గేమ్‌లో మనిషి అక్కడికక్కడే ఎగిరెగిరి పడుతుంటే తప్పు కంప్యూటర్‌ది కాదు, లైనుది. దీన్ని కొనకముందే ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌తో తేల్చుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు రౌటర్‌కి వందసార్లు పింగ్ (జవాబు ఎంతసేపటికి వస్తుందో చూసే పరీక్ష) కొట్టండి. అక్కడే అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటే వైఫై మానేసి లాన్ వైరు లాగాలి. రౌటర్ దాకా బాగుండి బయట ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోతుంటే కనెక్షన్ ఇచ్చినవాళ్లని పట్టుకోవాలి. ఎంత ఖరీదైన కార్డూ దీన్ని బాగుచేయలేదు. వాలొరాంట్‌లో అయితే సర్వర్ ముంబై ఎంచుకున్నారో లేదో కూడా చూసుకోండి.

బస్సులో తెచ్చేటప్పుడు బరువైన గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి దాని డబ్బాలోనే పెట్టించండి. గతుకులకి స్లాట్‌లో కదిలిపోతుంది. ఇంట్లో మళ్లీ బిగించేటప్పుడు స్లాట్ చివరి క్లిప్పు టక్కున పడాలి, పవర్ వైరు పూర్తిగా లోపలికి దిగాలి. ఆ తర్వాతే స్విచ్ వేయండి.