నాన్నగారి జేబులో మాత్రల పట్టీ

మా నాన్నగారు చొక్కా జేబులో గ్యాస్ మాత్రల పట్టీ లేకుండా గడప దాటేవారు కారు. ఆ కడుపు మంటకు కారమే కారణమని ఇంట్లో అందరమూ ఏళ్ల తరబడి నమ్మాం. ఒక ఉదయం మలం తారులా నల్లగా కనిపించడంతో భయపడి ఎండోస్కోపీ చేయిస్తే, చిన్నపేగు మొదట్లో పుండు ఉందనీ, దానికి హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమనీ తేలింది. పుండ్లకూ ఈ బ్యాక్టీరియాకూ ఉన్న సంబంధాన్ని నిరూపించినందుకే ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. ఆమ్లాన్ని తగ్గించే మాత్రతో పాటు యాంటీబయాటిక్‌లను 14 రోజులు ఒక్క పూట కూడా తప్పకుండా వాడాలి. నెమ్మదించింది కదా అని మధ్యలో ఆపితే బ్యాక్టీరియా మొండికేస్తుంది. మోకాళ్ల నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే మాత్రలు కూడా ఇలాంటి పుండ్లు చేస్తాయి కాబట్టి, ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. మందులు ముగిశాక నెల దాటనిచ్చి చేసిన శ్వాస పరీక్షలో నాన్నగారికి ఆ బ్యాక్టీరియా లేదని వచ్చింది.