బొటనవేలికి ఏడు నెలలు

నాకు 44 ఏళ్లు. రాకబిల్లీ (1950లలో అమెరికాలో కంట్రీ, బ్లూస్ కలిసి పుట్టిన సంగీతం) గిటార్ మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. మధ్యలో ఆగకుండా చివరిదాకా వాయించగలిగే పాటలు ఇప్పటికి మూడే. ఈ రెండేళ్లలో ఏడు నెలలు ఒక్క కుడిచేతి బొటనవేలికే పట్టాయి. నాకు ఈ సంగీతం చేతికి అందింది ఆ ఏడు నెలల్లోనే, అందుకే ఎక్కువగా వాటి గురించే రాస్తున్నాను.

1954 జులై 5 రాత్రి మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ మొదటి సింగిల్‌లోని ప్రధాన పాట 'దట్స్ ఆల్ రైట్' రికార్డయింది. ఆ గదిలో డ్రమ్స్ లేవు. ఎల్విస్ చేతిలో అకూస్టిక్ గిటార్, బిల్ బ్లాక్ దగ్గర తీగల్ని చెక్కకేసి చరుస్తూ వాయించే నిలువెత్తు బేస్, స్కాటీ మూర్ దగ్గర ఎలక్ట్రిక్ గిటార్. అంతే. అయినా వింటుంటే కాలు ఊరుకోదు. ఎన్నోసార్లు విన్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, డ్రమ్స్ చేసే పనిలో సగం మూర్ బొటనవేలు చేస్తోంది. అది లావు తీగల మీద ఆగకుండా అటూ ఇటూ నడుస్తుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట వాయిస్తుంటాయి. మెర్ల్ ట్రావిస్, చెట్ ఆట్కిన్స్ లాంటి కంట్రీ గిటారిస్టుల నుంచి ఆయనకు వచ్చిన పద్ధతి ఇది. ట్రావిస్ పేరుతోనే దీన్ని ట్రావిస్ పికింగ్ అంటారు.

మొదట నేనొక ఆన్‌లైన్ క్లాసులో చేరాను. వారానికో పాట నేర్పేవారు. తోటివాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచి గిటార్ పట్టినవాళ్లు. వాళ్లను అందుకోవాలని ఆఫీసు నుంచి రాగానే గంటన్నర కూర్చునేదాన్ని. ఐదో వారానికి మణికట్టు నొప్పి మొదలైంది. క్లాసు ఉండే శుక్రవారం వస్తోందంటేనే టెన్షన్. క్లాసు మానేశాను, గిటార్ నాలుగు నెలలు కవర్‌లోనే ఉంది.

మళ్లీ తీసినప్పుడు ఒకటే అనుకున్నాను. రోజుకు ఇరవై నిమిషాలు, బొటనవేలు ఒక్కటే. ఎడమచేత్తో ఇ కార్డ్ (కలిసి మోగే కొన్ని స్వరాల పట్టు) పట్టుకోవడం, కుడిచేతి బొటనవేలితో ఆరో తీగ, నాలుగో తీగ, మళ్లీ ఆరు, మళ్లీ నాలుగు. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 50 బీట్స్ దగ్గర. వేరే వేలు కదలకూడదు, పాట ఊసే ఎత్తకూడదు.

అరచేతి అంచుని ఎక్కడ ఆనించాలో తేలడానికే పదిరోజులు పట్టింది. బ్రిడ్జికి (గిటార్ మీద తీగలు ఆనే పట్టీకి) మరీ వెనక్కి పోతే తీగలు గంటలా మోగుతూనే ఉంటాయి. కాస్త ముందుకొస్తే స్వరమే ఉండదు, ఉత్తి టక్ టక్. ఆ రెంటికీ మధ్య ఒక వేలి వెడల్పు కూడా లేని చోటుంది. అక్కడ ఆనిస్తే స్వరం వినబడుతూనే దెబ్బలా పడుతుంది. అది దొరికిన రోజు నాకింకా గుర్తుంది. పాటేమీ లేదు, రెండు తీగలే, అయినా గదిలో ఎవరో నడుస్తున్నట్టు అనిపించింది.

తీగల్ని మీటడానికి బొటనవేలికి తొడుక్కునే థంబ్‌పిక్ మరో గొడవ. వదులుగా ఉంటే తిరిగిపోతుంది, బిగుతుగా ఉంటే గోరు కింద సలుపు. ప్లాస్టిక్‌ది అయితే వేడినీళ్లలో కాసేపు ముంచి, మెత్తబడ్డాక వేలికి సరిపడా వంచుకోవచ్చు. మూడు పాడుచేసి నాలుగోది కుదుర్చుకున్నాను.

బొటనవేలు తనంతట తను నడుస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? నేను పెట్టుకున్న పరీక్ష ఏమిటంటే, వాయిస్తూ మాట్లాడటం. ముందు నా పేరు, తర్వాత వారాల పేర్లు, తర్వాత ఎదురుగా పెట్టుకున్న పేపర్లో వార్త పైకి చదవడం. చదువుతుంటే వేలు తడబడిందంటే దాన్ని ఇంకా నా బుర్రే నడిపిస్తోందన్నమాట. వార్త మొత్తం చదివినా వేలు తప్పని రోజు మూడో నెలలో వచ్చింది. అప్పుడు మధ్యవేలిని కలిపాను. ముందు బొటనవేలితో పాటే, ఒకేసారి, చిటికె పట్టినట్టు. అది కుదిరాక రెండు బీట్స్ మధ్యలో. ఆ మధ్యలో పడే దెబ్బ దగ్గరే నేను ఎక్కువ రోజులున్నాను. మధ్యవేలు కదలగానే బొటనవేలు దాని వెంట పోతుంది. వేగం తగ్గించడం తప్ప దానికి వేరే మందు నాకు దొరకలేదు. వరసగా మూడు రోజులు తప్పు లేకుండా వస్తేనే మెట్రోనోమ్ రెండు బీట్స్ పెంచేదాన్ని. ఒక్క తప్పు పడితే నాలుగు తగ్గించేదాన్ని.

ఏడో నెలలో ఒక రాత్రి పక్కగది నుంచి మా అమ్మాయి అడిగింది, "అమ్మా, ఇవాళ ఎవరితో కలిసి వాయిస్తున్నావ్?" ఎవరూ లేరు, నేనొక్కదాన్నే. ఆ మాటకి గిటార్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక్క సలహా మాత్రం గట్టిగా చెబుతాను. ఎకో పెడల్ (గిటార్ శబ్దాన్ని ప్రతిధ్వనిలా తిరిగి వినిపించే, కాలితో నొక్కే పెట్టె) వెంటనే కొనకండి. రాకబిల్లీ అనగానే గుర్తొచ్చే ఆ స్లాప్‌బ్యాక్ ఎకోని సన్ స్టూడియోలో దాని యజమాని శామ్ ఫిలిప్స్ టేప్ రికార్డర్లతో తెచ్చారు. రికార్డ్ చేసే హెడ్‌కీ, వినిపించే హెడ్‌కీ మధ్య దూరం ఉంటుంది కదా, టేపు అది దాటేంత ఆలస్యంగా శబ్దం ఒక్కసారి తిరిగొస్తుంది. పెడల్ మీద సుమారు 120 మిల్లీసెకన్లు, ఒకే రిపీట్ పెడితే దాదాపు అదే వస్తుంది. చాలా బాగుంటుంది. కానీ తాళం కుదరని చేతికి ఎకో తోడైతే ఏది నా దెబ్బో, ఏది తిరిగొచ్చిన దెబ్బో తెలియదు. నేను ఆదివారాలు మాత్రం ఆన్ చేస్తాను.

ఈ సంగీతం చేసినవాళ్ల జీవితాలు చదివితే నాకు ధైర్యం వస్తుంది. ఆ తొలి రికార్డు నాటికి స్కాటీ మూర్ పగలు అన్నదమ్ముల డ్రైక్లీనింగ్ షాపులో పనిచేస్తున్నారు. రాకబిల్లీ గాయకుడు జానీ బర్నెట్ బృందంలో గిటార్ వాయించిన పాల్ బర్లిసన్ ఎలక్ట్రీషియన్. నాకు అందరికంటే ఇష్టమైన క్లిఫ్ గాలప్ 1956లో మరో రాకబిల్లీ గాయకుడు జీన్ విన్సెంట్‌తో వాయించారు. ఫ్లాట్ పిక్ (తీగల్ని మీటే చిన్న పలక) పట్టుకునే, మధ్యవేలికీ ఉంగరపు వేలికీ ఫింగర్‌పిక్స్ తొడిగి, చిటికెన వేలితో స్వరాన్ని ఊపే ట్రెమొలో కడ్డీని కదిపేవారు. పెళ్లయినవారు, ఊళ్లు తిరగడం పడక ఆ ఏడాదిలోనే బ్యాండ్ వదిలేశారు. ఆయన వాయించినవి కొద్ది పాటలే. అయినా 1993లో ఇంగ్లండ్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ అంతటివాడు ఒక ఆల్బమ్ మొత్తం జీన్ విన్సెంట్ పాటలనే గాలప్ బాణీలో వాయించాడు. పనిచేసుకుంటూ వాయించినవాళ్ల చేతుల్లో పుట్టిన సంగీతం ఇది. ఆఫీసు నుంచి వచ్చి గిటార్ తీస్తున్నప్పుడు ఆ సంగతి గుర్తుచేసుకుంటాను.

ప్రస్తుతం ఇ లో పన్నెండు బార్ల (ఒక్కో బార్‌కి నాలుగు బీట్స్) బ్లూస్ మీద ఉన్నాను. మొదటి నాలుగు బార్లు ఇ, తర్వాత రెండు ఎ, మళ్లీ రెండు ఇ, అంతవరకూ బొటనవేలు హాయిగా నడుస్తుంది. తొమ్మిదో బార్‌లో బి సెవెన్ కార్డ్ వస్తుంది. అక్కడ బొటనవేలు ఐదో తీగ నుంచి ఆరో తీగకి వెళ్లాలంటే, ఎడమచేతి మధ్యవేలు కూడా రెండో ఫ్రెట్‌లోనే (గిటార్ మెడ మీది గడిలోనే) ఐదు మీంచి ఆరు మీదకి గెంతాలి, మళ్లీ వెనక్కి రావాలి. రెండు చేతులూ ఒకేసారి తీగ మారాలి. నిన్న రాత్రి మెట్రోనోమ్ 96 దగ్గర మూడుసార్లూ అక్కడే తప్పింది. ఇవాళ 92కి దించి, తొమ్మిదో బార్ ఒక్కటే ఇరవై నిమిషాలు వాయిస్తాను.